పిక్సెల్ బొమ్మల్లో జుట్టు

తెరమీది చుక్కలను ఒక్కొక్కటిగా పేర్చి గీసేది పిక్సెల్ బొమ్మ. నిలువునా 16, 24, 32 చుక్కలకు మించని చిన్న మనిషి బొమ్మల్లో కళ్ళకు రెండు చుక్కలు, నోటికి ఒకటి చాలు. జుట్టు మాత్రం అంత తేలిగ్గా లొంగదు. ఈ కొలతలో వెంట్రుక ఒక్క చుక్కకంటే సన్నం, దాన్ని గీయడం కుదరదు. కాబట్టి వెంట్రుకను వదులుకుని, జుట్టునంతా ఒకే ముద్దగా చూసి, దాని మీద వెలుగు ఎక్కడ పడుతుందో తేల్చుకోవడమే ఈ పని. దీని చరిత్ర కూడా చాలామటుకు ఆ వదులుకోవడం చరిత్రే.

తెర రాకముందు

గళ్ళ లెక్కలో బొమ్మ వేయడం కంప్యూటరుతో పుట్టింది కాదు. నేటి బాపట్ల జిల్లాలోని చీరాల ఒకప్పుడు తేలియా రుమాళ్ళకు పేరుపడింది. నూలును నేతకు ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో గళ్ళు, పూలు, ఏనుగులు, సింహాలు, చివరికి విమానాలు, గడియారాలు కూడా తేల్చేవారు. మగ్గం మీద పోగు కాస్త జరిగితే బొమ్మ అంచు చెదిరి, రెండు రంగుల నడుమ మూడో ఛాయ కనిపిస్తుంది. పిక్సెల్ చిత్రకారులు మెట్లుమెట్లుగా కనిపించే జుట్టు అంచును మెత్తబరచడానికి కావాలని పెట్టే మధ్యఛాయ చుక్క చేసే పనీ ఇదే. నేతలో పోగు దానంతటదే చేసింది, తెరమీద చెయ్యి చేయాలి.

కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలకు తలమీద నల్లరంగు పూస్తే సరిపోతుంది. బొమ్మ గుండ్రంగా ఉంటుంది కనుక వెలుగునీడల సంగతి గదిలోని దీపమే చూసుకుంటుంది. తోలుబొమ్మకు వెలుగు వెనకనుంచి వస్తుంది. నీడను గీసి చూపించాల్సిన అవసరం చదునైన కాగితానిదే.

ఆ కాగితం దగ్గర తెనాలి ప్రస్తావన వస్తుంది. 1947 జూలైలో మద్రాసులో బి. నాగిరెడ్డితో కలిసి పిల్లల పత్రిక చందమామను ప్రారంభించిన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలతో తెలుగు పిల్లలు రాజకుమార్తెల కొప్పులనూ రాక్షసుల జడలనూ చూడటం నేర్చుకున్నది ఆ పేజీల్లోనే. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లో జుట్టు రంగుల ఛాయలతో నిగనిగలాడుతుంది. లోపలి గీతబొమ్మల దారి వేరు. చిత్రకారుడు బాపు బొమ్మ వాలుజడలో ఎన్ని వెంట్రుకలు గీశారో వెతికితే నిరాశే మిగులుతుంది. ఆ జడను నిలబెట్టేది దాని ఆకారం. చిన్న పిక్సెల్ బొమ్మకు దగ్గరి చుట్టం ఈ గీతబొమ్మే అనిపిస్తుంది.

టోపీ పెట్టిన మారియో

జుట్టుతో వచ్చిన చిక్కుకు ప్రపంచంలో అన్నిటికంటే పేరుపొందిన సమాధానం దాన్ని కప్పేయడం. 1981లో నింటెండో విడుదల చేసిన డాంకీ కాంగ్ ఆటలో మారియోకు ఆట రూపకర్త షిగెరు మియామోటో టోపీ పెట్టాడు. అన్ని తక్కువ చుక్కల్లో జుట్టు గీయడం, గెంతినప్పుడు దాన్ని కదిలించడం కష్టం కాబట్టే అలా చేశానని తర్వాత చెప్పాడు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో మొత్తానికి మూడే రంగులు. మీసం, టోపీ కింద తొంగిచూసే జుట్టు, చొక్కా మూడింటికీ ఒకటే గోధుమరంగు సర్దుకోవాల్సి వచ్చింది. ఇక నీడకు రంగెక్కడిది?

ఆపిల్ మాకింతోష్‌కు అన్ని రంగులు కూడా లేవు. 1984 నాటి దాని తెర 512 × 342 చుక్కలు, ఉన్నవి నలుపూ తెలుపూ మాత్రమే. మాక్‌పెయింట్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం ఏం చేయగలదో చూపించడానికి ఆపిల్ రూపకర్త సూసన్ కేర్ వేసిన బొమ్మకు వస్తువు జుట్టే కావడం విశేషం: జపాన్ చిత్రకారుడు హషిగుచి గోయో 1920లో అచ్చొత్తిన, తల దువ్వుకుంటున్న స్త్రీ చిత్రం దానికి ఆధారం. అది చిన్న బొమ్మ కాదు, గీతకు చోటుంది. అయినా అందులో నల్లటి జుట్టు నడుమ వదిలిన తెల్ల గీతలే వెంట్రుకలయ్యాయి.

1991లో జపాన్‌లో వచ్చిన కిస్ అనే బట్టలు మార్చే బొమ్మల పద్ధతి, 1990ల నడుమ ది ప్యాలెస్ వంటి చాట్ గదుల్లో వ్యాపించిన చిన్న బొమ్మలు ఈ పనిని వృత్తి కళాకారుల చేతుల్లోంచి ఔత్సాహికుల చేతుల్లోకి తెచ్చాయి. ఇలాంటి బొమ్మల్లో నుదుటి మీది ముంగురులు ఒక పొరగా, వీపున పడే జుట్టు మరో పొరగా వేస్తారు. మధ్యలో ముఖం, బట్టలు. పొరల మధ్య నీడ వేయకపోతే జుట్టు తలకు అతికించినట్టు ఉంటుంది. 2017లో డిజిటల్ సేకరణగా వచ్చిన క్రిప్టోపంక్స్ బొమ్మలు 24 × 24 చుక్కలవి, పదివేలు ఉన్నాయి. వాటిలో చాలా తలలకు జుట్టు దాదాపు ఒకే రంగు ముద్ద. అంత తక్కువతోనూ ఎవరి తల ఎవరిదో తెలిసిపోతుంది.

పద్ధతి

వెలుగు ఏ వైపునుంచి వస్తుందో ముందు నిర్ణయించుకుంటారు. మూల రంగు, నీడ, మెరుపు అని మూడు ఛాయలు చిన్న బొమ్మకు సరిపోతాయి. మెడ వెనక, చెవి దగ్గర, పాపిడి పక్కన నీడ పడుతుంది. నడినెత్తికి కాస్త కింద, తల వంపును అనుసరించి మెరుపు పట్టీ వస్తుంది. దాన్ని ఒకటి రెండు చోట్ల తెంపితే పాయలు విడినట్టు ఉంటుంది. అంచు చుట్టూ నలుపు, మధ్యలో తెలుపు వేయడం కొత్తవాళ్ళు తరచూ చేసే తప్పు. దాన్ని పిల్లో షేడింగ్ అంటారు. అలా చేస్తే జుట్టు దూది కూరినట్టు ఉబ్బుతుంది.

తెలుగు బొమ్మకు మరో చిక్కు ఉంది. నల్ల జుట్టుకు అసలు నలుపే వాడితే నీడకు ఇంకా చీకటి రంగు మిగలదు. అందుకే మూల రంగుగా ముదురు నీలమో ముదురు గోధుమో తీసుకుని, నలుపును నీడకు దాచుకుంటారు. అమెరికన్ కామిక్స్‌లో సూపర్‌మాన్ జుట్టు నీలంగా మెరిసింది కూడా ఇందుకే. జడ అల్లికకు చుక్కలను ఎడమకూ కుడికీ మార్చి మార్చి మెట్లుగా పేర్చి, ప్రతి మలుపులో ఒక నీడ చుక్క పెడతారు. కూచిపూడి వేషం వేసే బొమ్మకైతే రాగిడి, జడగంటలు పసుపు చుక్కలతో తేలిపోతాయి. కొప్పులో మల్లెలు తురిమిన బొమ్మకు మెరుపు పట్టీ వేయడం అనవసరం. తెల్ల చుక్కలు రెండూ పోటీపడి పువ్వేదో వెలుగేదో తెలియకుండా పోతుంది.