గోడల ధ్వని నిరోధం

గదిలోనికి బయటి శబ్దం రాకుండా, గదిలోని శబ్దం బయటికి పోకుండా గోడలను కట్టడం లేదా సవరించడాన్ని గోడల ధ్వని నిరోధం అంటారు. రాయి, ఇటుక వంటి బరువైన పదార్థాలు, రాతి ఉన్ని, గాజు ఉన్ని వంటి పీచు పదార్థాలు ఇందుకు ఉపయోగపడతాయి. థర్మోకోల్ కూడా పనికివస్తుందన్న నమ్మకం ప్రజలలో ఉన్నది కాని అది సరికాదు.

నేపథ్యం

వికారాబాదు జిల్లాలోని తాండూరు నాపరాళ్ళకు ప్రసిద్ధి. భీమా శ్రేణికి చెందిన ఈ సున్నపురాయి నీలం, పసుపు వన్నెలలో దొరుకుతుంది. రాళ్ళను కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు ఇక్కడ అనేకం. సికింద్రాబాదు - వాడి రైలు మార్గం వికారాబాదు, తాండూరుల మీదుగానే పోతుంది.

కేంద్ర ప్రభుత్వపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళకు శబ్దం మించరాదు. పారిశ్రామిక ప్రాంతాలలో ఈ పరిమితులు 75, 70. రాత్రి అనగా 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు. యూనిట్లు, ఇళ్ళు పక్కపక్కనే ఉన్నచోట రాత్రివేళ ఈ 25 డెసిబెళ్ళ తేడాను గోడ, తలుపు, కిటికీలే అడ్డుకోవలసి ఉంటుంది.

బరువైన పదార్థాలు

చదరపు మీటరుకు గోడ బరువు రెట్టింపైతే నిరోధం సుమారు 5 నుండి 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. రెండు వైపులా పూత పూసిన 9 అంగుళాల ఇటుక గోడ దాదాపు 50 డెసిబెళ్ళను, నాలుగున్నర అంగుళాల గోడ దాదాపు 45 డెసిబెళ్ళను తగ్గిస్తుంది. 18 అంగుళాల రాతి గోడ బరువు చదరపు మీటరుకు వెయ్యి కిలోల వరకు ఉంటుంది కనుక అది ఇంకా మేలు. అయితే రాళ్ళ మధ్య సందులను పూర్తిగా పూడ్చాలి. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు రంధ్రం ఉన్నా, గోడ ఎంత మందమైనదైనా మొత్తం నిరోధం 20 డెసిబెళ్ళు దాటదు. సరిగా మూసుకోని తలుపుకూ ఇదే వర్తిస్తుంది.

ఏఏసీ ఇటుకలు వేడిని బాగా ఆపుతాయి. తేలికైనవి కావడం వలన శబ్దం విషయంలో అదే మందం గల మట్టి ఇటుకకు సాటిరావు.

పీచు, నురగ పదార్థాలు

శోషణ వేరు, నిరోధం వేరు. పీచు పదార్థాలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. వాటిని గోడకు అంటించినంత మాత్రాన పక్కింటి శబ్దం ఆగదు. గోడకు ఎడంగా చట్రం నిలిపి, మధ్య ఖాళీలో రాతి ఉన్ని నింపి, పైన జిప్సం బోర్డు రెండు పొరలుగా బిగిస్తే మంచి ఫలితం ఉంటుంది. చట్రం పాత గోడను తాకకపోవడం ముఖ్యం. గాజు ఉన్ని కూడా దాదాపు అంతే పనిచేస్తుంది. రెండూ మండవు, కాని బిగించేవారు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ధరించాలి.

థర్మోకోల్ తేలికైనది, బిరుసైనది. దాని రంధ్రాలు మూసుకొని ఉండటం వలన శబ్దాన్ని శోషించదు. గోడకు అంటించి పైన పూత పూస్తే కొన్ని స్థాయిల శబ్దం మునుపటికంటె ఎక్కువగా లోనికి రావచ్చు కూడా. పైగా మంటలంటుకుంటుంది. మెత్తని ఫోముకూ అగ్ని ప్రమాదం ఉన్నది. కోడిగుడ్ల అట్టల వలన ప్రయోజనం శూన్యమనే చెప్పాలి.

పరిమితులు

కోత యంత్రాల అదురు నేల ద్వారా పునాదులకు చేరుతుంది. దీనిని గోడకు వేసే ఏ పొరా ఆపలేదు. యంత్రం కిందనే రబ్బరు దిమ్మలు అమర్చవలసి ఉంటుంది.