లైమ్ రీజిస్ తీరం, శిలాజాల స్త్రీలు

ఇంగ్లండ్ దక్షిణ తీరాన, డోర్సెట్‌లో ఉన్న చిన్న రేవు ఊరు లైమ్ రీజిస్. 1284లో మొదటి ఎడ్వర్డ్ రాజు దీనికి సనదు ఇచ్చాడు. అయితే ఊరికి పేరు తెచ్చింది పక్కనున్న కొండచరియలే. దాదాపు 20 కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి పొరలవి. వానలకు, అలలకు చరియలు విరిగిపడితే లోపలి శిలాజాలు బయటపడతాయి.

వాటిని ఏరి యాత్రికులకు అమ్మిన వడ్రంగి రిచర్డ్ ఆనింగ్ 1810లో అప్పులు మిగిల్చి చనిపోయాడు. మరుసటి ఏడు కొడుకు జోసెఫ్‌కు పెద్ద పుర్రె దొరికింది. అది ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపానిది. దాని మిగతా అస్థిపంజరాన్ని గుర్తించింది పన్నెండేళ్ల చెల్లెలు మేరీ. 1823లో ఆమె బయటికి తీసిన ప్లీసియోసార్ అనే మరో సముద్ర సరీసృపం మెడ పొడవు చూసి పారిస్‌లో జంతుశాస్త్రవేత్త క్యువియే మొదట నమ్మలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. ఈ పనిలో ప్రాణభయం నిత్యం ఉండేది: 1833లో చరియ విరిగిపడి, వెంట తిరిగే కుక్క ట్రే ఆమె కళ్లెదుటే చనిపోయింది.

మేరీకి అండగా నిలిచిన ఎలిజబెత్ ఫిల్పాట్ చేప శిలాజాలు సేకరించింది. స్క్విడ్‌లను పోలిన ప్రాచీన సముద్ర జీవులైన బెలెమ్నైట్ల శిలాజాల్లో ఎండిపోయిన సిరాను నీళ్లతో కలిపి, దానితోనే శిలాజాల బొమ్మలు గీసింది.

మేరీ శ్రమఫలాన్ని కొనుక్కున్న పెద్దమనుషులు పరిశోధన పత్రాల్లో ఆమె పేరు తరచూ వదిలేశారు. ఇది ఘోరమైన అన్యాయం. లండన్ జియలాజికల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1919లోనే; మేరీ 1847లో కన్నుమూసింది. ఊళ్లో ఆమె విగ్రహం 2022లో వెలిసింది.