వెళ్ళిపోయినవారు అడిగిన ప్రశ్నలు



ఈ మధ్య మన యవనస్థులు ఫోన్‌లో వీడియోలు చూసి మమ్మల్ని ఒక మాట అడుగుతున్నారు. "అయ్యగారూ, ఒక గుంపులో ఏళ్ళ తరబడి ఉండి బయటికి వచ్చినవాళ్ళు ఆ గుంపు బోధ తప్పని చెబుతున్నారు. వినొచ్చా? వింటే దైవజనుల మీద తిరుగుబాటు చేసినట్టా?" దీనికి ఔననో కాదనో చెప్పేముందు కొంత చరిత్ర చెప్పాలని ఉంది.

ముందు మన ఉత్తరాంధ్ర సంగతే చూద్దాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఇద్దరూ తెలుగు నేర్చుకుని సువార్తలను మన భాషలోకి తేవడానికి పూనుకున్నారు. బ్రాహ్మణ కులంలోనుండి క్రీస్తును నమ్ముకున్న ఆనందరాయర్ వారికి తోడ్పడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డిగ్రాంజెస్ ఈ నేలమీదే కన్నుమూశారు. 1812లో మొదటి మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత కెనడియన్ బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేట వంటి చోట్ల పనిచేసినప్పుడు తెలుగు వాక్యం మన పెద్దల చేతిలో ఉంది. చేతిలో గ్రంథం ఉన్నవాడు బోధకుని మాట సరిచూసుకోగలడు. బెరయవారు పౌలు బోధనే లేఖనాలతో పరీక్షించారని అపొస్తలుల కార్యములు 17:11లో చదువుతున్నాం. వాక్యం వారిని తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "అంత్యకాల వర్తమానం" అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. అది అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, జెఫర్సన్‌విల్ పట్టణానికి చెందిన విలియం బ్రాన్‌హామ్ బోధ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్వస్థత కూటాలతో ఆయనకు పెద్ద పేరు వచ్చింది. 1954లో బొంబాయి వచ్చి కూటాలు పెట్టారు. కారు ప్రమాదంలో గాయపడి 1965 డిసెంబరు 24న చనిపోయారు. మలాకీ 4వ అధ్యాయంలో చెప్పిన ఏలీయా ఆయనేనని అనుచరులు నమ్ముతారు. ఆయన ప్రసంగాలు తెలుగులోకి కూడా వచ్చాయి. ఆ బోధను నమ్మినవారిలో ప్రార్థనాపరులు, నీతిగా బతికేవారు ఉన్నారు. వారిని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు.

ఆ బోధను గట్టిగా పరీక్షించింది మనలాంటి బయటివారు కాదు, లోపల పుట్టి పెరిగినవారే. వారిలో జాన్ కాలిన్స్ ఒకరు. ఆయన తాత విల్లర్డ్ కాలిన్స్ జెఫర్సన్‌విల్‌లోని బ్రాన్‌హామ్ టాబర్నకల్‌కే కాపరిగా పనిచేశారు. ఇలా బయటికి వచ్చినవారు ఇంటర్నెట్‌లో ఒకరినొకరు కలుసుకుని, తాము చిన్నప్పటినుండి విన్న సాక్ష్యాలను ఒక్కొక్కటిగా సరిచూశారు.

ఆ పనికి వారికి పెద్ద సాధనం దొరికింది ఆ గుంపు దగ్గరే. బ్రాన్‌హామ్ ప్రసంగాలు వెయ్యికి పైగా టేపుల్లో ఉన్నాయి. వాటిని నమ్మకస్థులే భద్రపరిచి, అక్షరాల్లో పెట్టి, ఏ మాట ఏ ప్రసంగంలో ఉందో కంప్యూటర్‌లో వెతుక్కునేలా చేశారు. అప్పటిదాకా ఒక్కో ప్రసంగం విడిగా విన్నవారికి, ఒకే సంగతిని ఆయన వేర్వేరు ఏళ్ళలో వేర్వేరుగా చెప్పినట్టు పక్కపక్కన పెట్టి చూడడం సాధ్యమైంది. పాత వార్తాపత్రికలు కూడా ఇంట్లోనుండే చదివే వీలు వచ్చింది.

రెండు సంగతులు చూడండి. ఒహాయో నదిమీద వంతెన కడతారని, అక్కడ పదహారుమంది ప్రాణాలు పోతాయని చిన్నతనంలోనే దర్శనం చూశానని, అది నెరవేరిందని ఆయన చెప్పేవారు. ఆ వంతెన 1929లో తెరిచారు. బయటికి వచ్చినవారు అప్పటి పత్రికలు, రికార్డులు వెతికారు. దాని నిర్మాణంలో పదహారుమంది చనిపోయినట్టు దాఖలా దొరకలేదు.

రెండోది మేఘం. 1963 ఫిబ్రవరి 28 సాయంత్రం అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ మీద వింతైన వలయాకారపు మేఘం కనిపించింది. ఆ ఫోటోలు మే నెల లైఫ్ పత్రికలో వచ్చాయి. తాను కొండల్లో వేటకు వెళ్ళినప్పుడు ఏడుగురు దూతలు తనను దర్శించారని, ఈ మేఘం దానికి గుర్తని ఆయన బోధించారు. ఆ ఫోటో ఎన్నో ఇళ్ళలో గోడమీదికి ఎక్కింది. అయితే ఆయన వేట మార్చి నెలలో జరిగింది, మేఘం అంతకుముందే వచ్చి పోయింది. పైగా అదే రోజు కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుండి ఎగిరిన థోర్ రాకెట్ దారి తప్పితే ఆకాశంలోనే పేల్చేశారు. మేఘం చాలామటుకు దానివల్ల వచ్చిందేనని పరిశీలించినవారు అంటారు. ప్రవక్త చెప్పిన మాట జరగకపోతే ఏమనుకోవాలో ద్వితీయోపదేశకాండము 18:22 చెబుతుంది. వీరు తేదీలు పట్టుకుని చేసింది ఆ వాక్యం అడిగిన పనే.

ఈ ప్రశ్నలు అడగడం వారికి తేలిక కాలేదు. మన ఊళ్ళలో ఒక ఇల్లు ఒక గుంపునుండి బయటికి వస్తే సంబంధాలు తప్పిపోతాయి, అన్నదమ్ములు పలకరింపు మానేస్తారు, చావు వస్తే సమాధి దగ్గర ప్రార్థన ఎవరు చేస్తారన్న బెంగ పట్టుకుంటుంది. ఏ దేశంలోనైనా ఆ బాధ ఇలాంటిదే. అందుకే చాలామంది తెలిసీ నోరు మెదపరు.

మాట్లాడినా వినకపోతే ఏమౌతుందో చరిత్రలో ఉంది. 1956 జూన్‌లో ఇండియానాపోలిస్‌లో జిమ్ జోన్స్ అనే యువ బోధకుడు పెద్ద కూటం పెట్టి, జనం రావడానికి బ్రాన్‌హామ్‌ను పిలిపించాడు. జోన్స్ తర్వాత చేసినదానికి బ్రాన్‌హామ్ బాధ్యుడని మేము అనడం లేదు. ఆ జోన్స్ పీపుల్స్ టెంపుల్ పెట్టి జనాన్ని గయానా అడవికి తీసుకుపోయాడు. 1977లో, 78లో బయటికి వచ్చినవారు, బంధువులు పత్రికలకు చెప్పారు, అధికారులకు మొరపెట్టుకున్నారు. వారి మొర విని చూడడానికి వెళ్ళిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో రయన్‌ను కాల్చి చంపారు. అదే రోజు, 1978 నవంబరు 18న, తొమ్మిదివందలమందికి పైగా చనిపోయారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. బయటికి వచ్చినవారి మాటను పగవారి మాటగా కొట్టేయడం ఎంత ప్రమాదమో ఆ సమాధులు చెబుతాయి.

రెండో వైపు కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 29న కేరళలోని కలమస్సేరిలో యెహోవాసాక్షుల ప్రార్థన కూటంలో బాంబులు పేలి పలువురు చనిపోయారు. ఒకప్పుడు తాను ఆ గుంపులోనే ఉన్నానని చెప్పుకున్న వ్యక్తి, వారి బోధ తప్పని, ఈ పని చేసింది తానేనని ఫేస్‌బుక్ వీడియోలో చెప్పి పోలీసులకు లొంగిపోయాడు. యెహోవాసాక్షుల బోధతో మనకు పెద్ద తేడాలున్నాయి. అయినా ప్రార్థన చేసుకుంటున్నవారి మీద చెయ్యెత్తడం క్రీస్తు మార్గం కాదు. జాన్ కాలిన్స్ లాంటివారి చేతిలోనూ ఈ మనిషి చేతిలోనూ ఉన్నది ఇంటర్నెట్టే. వారు సాక్ష్యాలు పెట్టారు, ఇతడు ద్వేషం పెట్టాడు. నిరీక్షణ గురించి అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమని పేతురు రాసినది ఫోన్ పట్టుకున్న చేతికీ వర్తిస్తుంది.

కాబట్టి పిల్లలారా, వినండి, కాని బెరయవారిలా వినండి. వీడియోలో మాట్లాడేవాడు కళ్ళతో చూసినది చెబుతున్నాడా, ఎవరో అన్నది చెబుతున్నాడా? ఏ రోజు, ఏ ఊరు, ఏ ప్రసంగం అని చూపిస్తున్నాడా, తిట్టి వదిలేస్తున్నాడా? తేలనిదాన్ని వాట్సాప్‌లో పదిమందికి పంపకండి. అది అబద్ధసాక్ష్యం కావచ్చు.

పెద్దలకు ఒక మాట. అవతలి గుంపుకు పెట్టిన పరీక్ష మన సంఘానికీ పెట్టాలి. మేము చెప్పిన సాక్ష్యం ఎక్కడిదని, కానుకల లెక్క ఏదని, ఈ బోధకు వాక్యాధారం ఏదని ఎవరైనా అడిగితే వారిని అవిధేయులనవద్దు. ఏ గుంపునుండైనా గాయపడి వచ్చిన కుటుంబం మన గుమ్మం తొక్కితే, వెంటనే మన పుస్తకంలో పేరు రాసుకోవాలని తొందరపడవద్దు. ముందు వారి కథ వినండి, వారింట్లో కూర్చోండి, వారి కష్టంలో నిలబడండి.

సమస్తమును పరీక్షించి మేలైనదాన్ని పట్టుకునే మనస్సును, తప్పిపోయినవారిని ప్రేమించే హృదయాన్ని ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.