రెండు బావులు, ఒక తల

డిసెంబరు 14 వచ్చిందంటే టోక్యోలోని సెంగాకుజి ఆలయంలో అగరుపొగకు ఎదుటి మనిషి కనబడడు. యజమానిని పోగొట్టుకుని రోనిన్లుగా మారిన 47 మంది సమురాయ్‌లకు ఏటా జరిగే ఉత్సవమది.

1612లో తొకుగావా ఇయెయాసు కట్టించిన ఆలయం 1641లో కాలిపోతే తకనావాలో మళ్లీ లేపారు. ఆ తర్వాతి అరవై ఏళ్లలో మన కథకు పనికొచ్చేదేమీ లేదు.

1701లో అకో సంస్థానాధీశుడు అసానో ఎదో (నేటి టోక్యో) కోటలోనే కొలువు మర్యాదలు నేర్పే పెద్దాయన కిరా మీద కత్తి దూశాడు. కిరా గాయంతో బయటపడ్డాడు. అసానోను ఆ రోజే కడుపు కోసుకుని చావమన్నారు. పగ దేనికో నేటికీ తేలలేదు. సంస్థానం పోయింది. దివాను లాంటి ఓయిషి క్యోటో శివార్లలో మకాం పెట్టి తాగుడు, తిరుగుళ్లలో పడ్డాడు. శత్రువు కళ్లు గప్పడానికేనంటారు. కొంత ఇష్టంగానే పడ్డాడేమోనని నా అనుమానం!

పాత జపాన్ పంచాంగంలో పన్నెండో నెల 14 రాత్రి, మన లెక్కలో 1703 జనవరి ఆఖరున, తెల్లవారకముందే ఓయిషి వెంట రోనిన్లు ర్యోగొకులోని కిరా భవనం మీద పడి ఆయన తల తీశారు. పారిపోలేదు, సెంగాకుజి దాకా నడిచారు. పక్కనున్న ఎకోయిన్ ఆలయం తలుపు తీయలేదట. పెద్ద వీధులు వదిలి, ఎయితాయ్ వంతెన దాటి, పది కిలోమీటర్లకు పైగా సాగారు. డెబ్బై అయిదు దాటిన హొరిబె యాహే నుంచి ఓయిషి పసి మీసాల కొడుకు దాకా అందరూ ఆ గుంపులోనే. వంతెన దగ్గర ఓ మిసో దుకాణం వాళ్లు తీపి అమజకె పోశారని చెప్పుకుంటారు. సెంగాకుజి బావిలో తల కడిగి, అక్కడే ఉన్న తమ దొర అసానో సమాధి ముందు పెట్టారు. ఆలయం వాళ్లు దాన్ని కిరా ఇంటికి అప్పగించి రసీదు రాయించుకున్నారు. కిరాణా చీటీలో సరుకు రాసినట్టు తల ఒకటి, పొట్లం ఒకటి అని ఉంటుందందులో. కొన్ని వారాలకు 46 మంది ప్రభుత్వ ఆజ్ఞ ప్రకారం కడుపు కోసుకున్నారు. మిగిలిన తెరసకా మాత్రం ముసలితనం దాకా బతికాడు.

ఇప్పుడు గైడ్లు ఆ దారినే నడిపిస్తారు. ర్యోగొకులో భవనం పోయి చిన్న పార్కు మిగిలింది. అక్కడా తల కడిగిన బావి ఉంది! రెండుసార్లు కడిగితే తప్పేముంది?

ఆ తర్వాత అంతా కలగాపులగం. 1868లో మెయిజీ చక్రవర్తి దూతను పంపి రోనిన్లను పొగిడాడు. 1945 తర్వాత అమెరికన్లు ఇది పగ కథ అని, దీని మీద వచ్చిన నాటకాన్ని కొన్నాళ్లు ఆపారు. 2013లో హాలీవుడ్ ఈ కథను సినిమా తీసి అందులో మంత్రగత్తెను చేర్చింది. 2020లో సెంగాకుజికి దగ్గర్లోనే తకనావా గేట్‌వే స్టేషన్ వెలిసింది. ర్యోగొకు వాళ్లు కిరాకూ పూజ చేస్తారు. ఐచిలోని ఆయన జాగీరులోనైతే వరద గట్టు కట్టించిన మంచి దొర ఆయన. టోక్యో గైడ్లు మాత్రం అంతదూరం నడిపించరు.