బడిపిల్లలకు గేటుకాపరి కథ



బడిపిల్లలకు శీలము నేర్పవలె నని అందరును ఒప్పుకొందురు. ఎట్లు నేర్పవలె నన్నచోటనే అభిప్రాయములు వేరగుచున్నవి. సత్యము పలుకుము, భయపడకుము, పరులకు సాయపడుము అని నల్లబల్లమీద వ్రాసి పిల్లలచేత వల్లె వేయించుట యొక పద్ధతి. అది సులువైనది, అందువలననే యెక్కువగా వాడుకలో నున్నది. కథ చెప్పి, ఆ కథలోని మనిషిని పిల్లవాని మనసులో నిలుపుట మరియొక పద్ధతి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడూళ్ల బడులలో పాఠములు చెప్పిన యుపాధ్యాయుడను గనుక, ఈ రెండవ పద్ధతిని గూర్చి, అందును నిజముగా జరిగిన సామాన్యుల కథలను చెప్పుటను గూర్చి, నేడు నాలుగు మాటలు మనవి చేసికొందును.

తెలుగు బడిలో నీతికథకు పెద్దపీట యేనాడో పడినది. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను ప్రకటించెను. అందులో కాకియు, ఎలుకయు, తాబేలును, జింకయు చెలిమి యన నేమో పిల్లలకు నేర్పినవి. కొన్ని తరములవారు ఆ వచనమును కంఠస్థము చేసిరి. ఇరువదవ శతాబ్దారంభమున మరియొక త్రోవ యేర్పడినది. 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు మొదలైన పెద్దలు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. వారు అచ్చువేయించిన తొలి పుస్తకము కథ కాదు, కావ్యము కాదు. అబ్రహాము లింకను జీవితచరిత్రము. దానిని వ్రాసినవారు కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. 1907లో ఆ పుస్తకము వెలువడినది. మరుసటి యేడు స్వరాజ్యపత్రికలోని వ్రాతకు గాను గ్రంథకర్తయే కారాగారమున కేగవలసి వచ్చినది. జంతువుల కథలనుండి మనుష్యుల చరిత్రలకు మనవారు ఈ రీతిగా అడుగు వేసిరి.

అయినను ఒక చిక్కు మిగిలినది. కొయ్యగుడిసెలో పుట్టినవాడు దేశాధ్యక్షుడైన కథ విన్న బాలుడు, మంచితనమునకు ఫలము పదవి యని తలచుట కవకాశము కలదు. మహాపురుషుడు మహాపురుషుడే, నేను నేనే యని తలచి ఊరకుండుటకును అవకాశము కలదు. ఈ రెండు తలపులును శీలమునకు మేలు చేయవు. పిల్లవాడు తాను దినదినము చూచు మనుష్యులలో ఒకనిని చూపి, ఇట్టివాడే ఇట్లు చేసెను అని చెప్పగలిగిననాడు గాని ఆ చిక్కు వీడదు.

మన ప్రాంతమున కథలకు కొదువ లేదు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షికి పిల్లలను తీసికొని పోయినచో, గుడిగోడమీది యెఱ్ఱని మచ్చలను చూపి, అవి విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి విసరిన గురుతు లని చెప్పుదురు. విరూపణ్ణ చారిత్రక పురుషుడే. అచ్యుతదేవరాయల కాలమున ఆ గుడి కట్టడమునకు కర్త. కన్నుల కథ మాత్రము జనులు చెప్పుకొను కథ. ధర్మవరపు చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరనే ఊరికి ఆ పేరిడె నని అచటివారు చెప్పుకొందురు. అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రపు చెరువు తెగబోవగా, ఊరిని కాపాడుటకై ముసలమ్మ యను ఇల్లాలు గండిలో ప్రాణము లర్పించిన కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా వ్రాసిరి. ఈ కథలను పిల్లలకు చెప్పవలసినదే. కాని వీనిని జనశ్రుతి యని పేరు పెట్టి మరీ చెప్పవలెను. చెరువుకట్ట నిలుచుటకు కావలసినది మన్నును, రాయియు, వేళకు మరవను చక్కబెట్టు నీరుగంటియు. కోడలి ప్రాణము కాదు. ఈ సంగతి తెలిసిన పిల్లకు ముసలమ్మ త్యాగబుద్ధియందు గౌరవము తగ్గదు. ఆడుబిడ్డను బలి కోరిన ఊరిని గూర్చి ఒక ప్రశ్న మాత్రము పుట్టును. ఆ ప్రశ్న పుట్టుటయు శీలబోధలోని భాగమే.

ఇక జరిగిన కథకు వత్తును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడూళ్లను ఒక్కటిగా కలుపునది రైలుదారి. 1890ల ఆరంభమున ఈ దారి పడినది. ధర్మవరమునుండి ఉత్తరముగా, అనంతపురము మీదుగా పోయినచో గుంతకల్లు చేరుదుము. ఈ మూడూళ్లును 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. అంతకుముందు గుంతకల్లుతోబాటు అనంతపురము జిల్లాలోనివే. రైలుగేటు నెఱుగని బిడ్డ మా బడులలో లేడు. బండి వచ్చువేళకు గేటు వేయుట, పోయిన పిమ్మట తీయుట, ఎండకును వానకును ఆ చిన్నగదినే నమ్ముకొని యుండుట: ఈ పని చేయువారిని పిల్లలు నిత్యము చూచినవారే. కావున వారికి నేను చెప్పునది ఒక గేటుకాపరి కథ.

1893వ సంవత్సరము, అక్టోబరు నెల. గుంతకల్లు రైలుగేటువద్ద గూళపాళ్యము హంపన్న యను నతడు కాపరిగా నుండెను. ఆ దినములలో పటాలముల రాకపోకలు రైలుమీదనే జరుగుచుండెను. గుంతకల్లులో దిగిన తెల్ల సోల్జరులలో కొందరు ఇరువురు స్త్రీలను చెఱుపబూని వెంటబడిరి. హంపన్న అడ్డు నిలిచెను. అతనిచేత ఆయుధము లేదు. వారియొద్ద తుపాకి కలదు. ఆ తుపాకిదెబ్బకు హంపన్న కూలి, ప్రాణములు విడిచెను. స్త్రీలు కాపాడబడిరి.

కథ ఇంతే. దీనికి నేను సంభాషణలు కల్పింపను, చావుబోవువానిచేత ఉపన్యాసము చెప్పింపను. ధర్మవరపు పిల్లలకు మగ్గము తెలిసినదే కదా! పడుగు గట్టిగా నున్నచో పేక తేలికగా నెక్కును. జరిగిన సంగతి పడుగు. చెప్పువాని మాట పేక. పడుగు తెగినచోట పేకతో కప్పబోయినవాని పనితనము బట్ట మడత విప్పగానే బయటపడును. ఇవాళ నేను కల్పించిన మాట, రేపు పెద్దవాడైన బాలుడు కనిపెట్టినచో, హంపన్న కూడ కల్పితుడే యని తలచును.

కథ ముగియగానే పిల్లలు అడుగు మొదటి ప్రశ్న ఏ ఊరి బడిలోనైనను ఒక్కటే. ‘అయ్యవారూ, ఆ సోల్జరును ఉరి తీసినారా?’ ఇచటనే ఉపాధ్యాయునికి పరీక్ష. లేదు. నేరము మోపబడిన సోల్జరును మదరాసు హైకోర్టులో విచారించి, నిర్దోషి యని విడిచిపెట్టిరి. ఈ మాట చెప్పగానే తరగతి నిశ్శబ్దమగును. నీతికథలలో దుష్టుడు శిక్ష పొందును, సాధువు సుఖపడును. జరిగిన కథలో అట్లు కాలేదు. అయినచో ఈ కథను పిల్లలకు చెప్పవచ్చునా యని సందేహించు పెద్దలు కలరు. చెప్పవలె ననియే నా తలంపు. ఫలము వచ్చును గనుక మంచి చేయు మని నేర్పినచో, ఫలము రాని మొదటినాడే పిల్లవాడు మంచిని విడుచును. ఫలము రాకున్నను హంపన్న చేసినది మంచియే యని ఆ నిశ్శబ్దములో వారికే తెలియవలెను.

రెండవ ప్రశ్న ఇంకను లోతైనది. పెనుకొండ బడిలో ఒక బాలిక అడిగినది: ‘గేటు వేసేది, తీసేది కదా ఆయన పని? ఆడవాళ్లను కాపాడేది ఆయన పనేనా?’ ఈ ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేదు, తరగతికే విడిచితిని. కాదని కొందరు, ఔనని కొందరు చాలసేపు వాదించిరి. తుద కొక బాలుడు, గేటు వేసేది కూడ మనుష్యులు చావకుండా ఉండుటకే కదా యనెను. ఉద్యోగధర్మమునకును మనుష్యధర్మమునకును నడుమ నున్న సంబంధమును ఇంతకన్న సూటిగా నేను చెప్పజాలను.

ఈ కథలో రెండవ వ్యక్తి యున్నాడు. ఆయనను విడిచినచో కథ సగమే. గుత్తిలో వకీలుగా నుండిన పట్టు కేశవపిళ్లెగారు 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు పోయినవారిలో ఒకరు; హిందూ పత్రికకు వార్తలు వ్రాయువారు. హంపన్న మరణమును మరుగున పడనీయక లోకమునకు తెలిపి, న్యాయము కొఱకు పాటుపడి, జనులు చందాలతో గుంతకల్లులో హంపన్నకు స్మారకశిల నెత్తుటకు తోడ్పడినవారు ఆయనయే. స్త్రీలను కాపాడుచు మరణించిన గేటుకాపరి యని ఆ శిల చెప్పుచున్నది. హంపన్న ధైర్యము ఒక్క క్షణములోనిది. కేశవపిళ్లెగారి ధైర్యము నెలల తరబడి కాగితమును కలమును విడువనిది. తరగతిలో అందరు పిల్లలకును మొదటి ధైర్యము అవసరపడకపోవచ్చును. రెండవది మాత్రము ప్రతివానికిని ఏదో యొకనాడు అవసరపడును. కండ్లయెదుట అన్యాయము జరిగినపుడు, చూచితి నని చెప్పుటయే ఆ ధైర్యము.

పెనుకొండ దుర్గమును గూర్చిన 1354 నాటి శాసనము బుక్కరాయని కుమారుడైన విరూపణ్ణ ఒడెయరును పేర్కొనుచున్నది. ఆ కోటద్వారములను రాత్రింబవళ్లు కాచినవారి పేళ్లు మనకు దక్కలేదు. రాళ్లు రాజుల నెఱిగినంతగా కావలివారి నెఱుగవు. అట్టి దేశమున జనులు తమ డబ్బుతో ఒక గేటుకాపరికి శిల నెత్తిరి. చరిత్రపాఠము చెప్పువారు ఈ రెండు శిలలను ప్రక్కప్రక్కన పెట్టి చెప్పిన బాగుండును.

ఇట్టి తలంపు ఇతర దేశములందును పుట్టినది. ఇంగ్లండులో జార్జి ఫ్రెడరికు వాట్సు అను చిత్రకారుడు, పరుల ప్రాణములు కాపాడుటకై తమ ప్రాణములు కోల్పోయిన సామాన్యులకు స్మారకము కట్టవలె నని 1887లో పత్రికకు వ్రాసెను. 1900లో లండను నగరమున పోస్టుమెన్సు పార్కు అను చిన్నతోటలో అది తెరవబడినది. అచటి పలకలలో ఆలిసు అయిర్సు అను యువతి పేరు కలదు. 1885లో ఇల్లు తగులబడుచుండగా, పరుపును కిటికీగుండ క్రిందికి త్రోసి, ముగ్గురు బిడ్డలను ఒక్కొక్కరినిగా దానిమీదికి జారవిడిచి, తుదకు తాను దూకి, ఆ దెబ్బలతో మరణించిన యామె. మన దేశమున 1957 అక్టోబరు 2వ తేదీన ఢిల్లీ రామలీలా మైదానమున ప్రదర్శనము జరుగుచుండగా పందిరికి నిప్పంటుకొన్నది. ప్రధాని నెహ్రూగారును అచట నుండిరి. పదునాలుగేండ్ల స్కౌటు బాలుడు హరిశ్చంద్ర తన కత్తితో డేరాగుడ్డను కోసి జనులకు దారి చేసెను. బాలురకు సాహసపురస్కార మిచ్చు ఆచారము ఆ ఘటననుండియే పుట్టినది. కాటికాపరియైన పురాణ హరిశ్చంద్రుని ఎఱిగిన పిల్లలు ఈ హరిశ్చంద్రునిగూడ ఎఱుగుట మంచిది.

ఉపాధ్యాయ సోదరులకును సోదరీమణులకును మూడు జాగ్రత్తలు మనవి చేయుదును. మొదటిది: చావును గొప్పతనమునకు కొలతగా చేయరాదు. హంపన్న చావగోరి నిలువలేదు. ఇరువురు బ్రదుకవలె నని నిలిచెను. పిల్లలను అపాయములోనికి దూకుడని ప్రోత్సహింపక, కేక వేయుట, పెద్దలను పిలుచుట, తోడు నిలుచుట కూడ ధైర్యమే యని చెప్పవలెను. రెండవది: ఈ కథను ఒక జాతిమీది ద్వేషముగా మార్చరాదు. హంపన్నను కాల్చినవాడును తెల్లవాడే, ముగ్గురు బిడ్డలను దింపి మరణించిన ఆలిసును తెల్లదే యని ఒకే దినమున చెప్పిన చాలును. మూడవది: కథానంతరమున నీతి యేమని అడిగి, నోటుపుస్తకములో రెండు పంక్తులు వ్రాయించి, మార్కులు వేయరాదు. మార్కు వేయగానే ధైర్యము కూడ పరీక్షకు చదువవలసిన పాఠమగును.

చేయదగినది మరియొకటి కలదు. పిల్లలను తమ తమ వీధులకు పంపి, అట్టి మనుష్యులను వెదకింపవలెను. చెరువు నిండిన రాత్రి కట్టమీద మేలుకొన్న నీరుగంటి, దొరికిన సొమ్మును మరలించిన కూలి, మగ్గము నేసి అన్నలేని తమ్ముని చదివించిన అక్క: ఏ వీధిలోనైనను ఒకరుందురు. ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, నీ కెట్లు తెలిసినది అను మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొని రమ్మనవలెను. హిందూపురములో ఒక బాలుడు మూడు దినములు వెదకి, తనకు నచ్చిన కథను తానే కొట్టివేసికొని వచ్చినాడు. ఇద్దరు ముసలివారు దానిని రెండు విధములుగా చెప్పిరట. నిజము తెలియనిచో వ్రాయరాదు కదా అనెను. సత్యము పలుకు మని వంద మార్లు వల్లె వేసినను ఆ బాలునికి అంతకన్న మేలు కలిగియుండదని నా నమ్మకము.

గుంతకల్లు పోవు తల్లిదండ్రులు ఒక గడియ ఆగి, హంపన్న శిలను తమ పిల్లలకు చూపుదురుగాక. దారిలో గేటు పడినపుడు విసుగుకొనక, ఆ గదిలో నున్నవారిని చూపి పేరు అడుగు మని బిడ్డకు చెప్పుదురుగాక. పేరు అడుగుటయే గౌరవమునకు మొదటి మెట్టు.

సెలవు.