సువర్ణముఖరి: ఒకే పేరు, రెండు నదులు

ఆంధ్రప్రదేశ్‌లో స్వర్ణముఖి అనే పేరుతో రెండు నదులున్నాయి. ఒకటి చంద్రగిరి, తిరుపతి ప్రాంతాల నుండి వచ్చి, శ్రీకాళహస్తి ఆలయం పక్కగా పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. రెండవది ఉత్తరాంధ్రలో సాలూరు కొండల వైపు నుండి వచ్చి, వంగర మండలంలోని సంగం వద్ద నాగావళిలో చేరుతుంది. మడ్డువలస జలాశయం దీనిమీదిదే. అక్కడే కలిసే వేగవతికీ కంచిలో ఒక సమనామధేయ ఉన్నది.

బ్రిటన్‌లో ఏవన్ పేరుతో అనేక నదులున్నాయి. ఆ కెల్టిక్ పదానికి నది అనే సామాన్యార్థమే కనుక ఆ సామ్యం సహజం. స్వర్ణముఖుల విషయం వేరు.

7వ శతాబ్దికి చెందిన సంబంధర్ కాళత్తి పాటలో ఈ నది చందనం, అగరు, టేకు మానులను తోసుకొనివచ్చే 'ముగలి'. అక్కడ బంగారం ప్రసక్తి లేదు. 12వ శతాబ్దపు పెరియపురాణంలో కన్నప్ప కథలో అది 'పొన్ముగలి' అయింది. స్కాంద పురాణాంతర్గతమైన వేంకటాచల మాహాత్మ్యంలో 'సువర్ణముఖరి'. 'పొన్' శబ్దానికి 'సువర్ణ' అనువాదం. 'ముగలి'కి 'ముఖరి' ధ్వన్యనుసరణ మాత్రమేనని నా అభిప్రాయం. తెలుగులోని 'మొగలేరు' అనే వ్యవహారం కూడా ఈ మూలరూపానికే చేరువ. కాళత్తి 'శ్రీకాళహస్తి'యై సాలీడు, పాము, ఏనుగుల కథతో అన్వయం పొందడమూ ఇటువంటిదే.

'ముఖరి' 'ముఖి'గా మారిన తరువాతనే 'బంగారు మోము కలది' అన్న అర్థం కుదురుతుంది. రెండు నదులూ ఏకనామధేయాలయ్యేది ఈ రూపంలోనే. కావున ప్రాచీన రచనలో 'ముఖరి' కనిపించినచోట కాళహస్తి నదిని గుర్తించవచ్చు; ఒట్టి 'ముఖి' ఉన్నచోట పరిసర గ్రామనామాలనూ చూడవలసి ఉంటుంది.