గాజు తొట్టిలో సముద్రం: బిల్లు ఎవరు కట్టారు?

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. టేబుల్ మీద చిన్న గాజు తొట్టి, పైన నీలం లైటు, ఆ లైటులో మెరిసిపోయే పగడాలు. కింద "తక్కువ బడ్జెట్‌లో మీ ఇంట్లోనే సముద్రం" అని క్యాప్షన్. ఇరవై లీటర్ల నీళ్లలో సముద్రం అన్నమాట! దీన్ని నానో రీఫ్ అంటారు. ఇంకా బుల్లిదైతే పికో రీఫ్. ఎలా సెటప్ చేయాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి నేను ఇవాళ వేరే ప్రశ్న పట్టుకున్నా. కరెంటు, మోటారు లేని రోజుల్లో ఈ పని ఎవరు చేశారు? ఎంత తక్కువలో చేశారు? వాళ్లు తగ్గించుకున్న ఖర్చు ఎవరి మీద పడింది?

ముందు ఇటలీ పక్కన సిసిలీ దీవికి వెళ్దాం. సంవత్సరం 1832. అక్కడ మెస్సీనా అనే రేవు పట్నంలో ఝాన్ విల్‌ప్రో పవర్ అని ఒకావిడ ఉండేవారు. ఫ్రాన్స్‌లో పల్లెటూరి నుంచి వచ్చి, పారిస్‌లో బట్టలు కుట్టి, ఒక రాకుమారికి పెళ్లి గౌను కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి. ఇంగ్లిష్ వ్యాపారిని పెళ్లి చేసుకుని మెస్సీనా వచ్చాక సముద్ర జీవుల మీద పడ్డారు. అప్పట్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఒక విషయం మీద తెగ వాదించుకునేవారు. ఆర్గోనాట్ అని ఆక్టోపస్ జాతి జీవి ఒకటి ఉంది. కాగితం అంత పలచని గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల అది సొంతంగా కట్టుకుందా, ఇంకో జీవి వదిలేసిన దాంట్లో దూరిందా? చచ్చిపోయి స్పిరిట్ సీసాలో ఉన్నదాన్ని చూస్తూ వందేళ్లు వాదించినా ఇది తేలదు. బతికున్నదాన్ని రోజుల తరబడి చూడాలి. దానికోసం ఆవిడ గాజు తొట్టెలు చేయించారు. గుల్లకి కావాలని చిన్న పగులు పెట్టి గమనిస్తే, ఆ జీవి దాన్ని తనే అతుకు వేసుకుంది. వాదన అక్కడికి తేలిపోయింది. అక్వేరియం మొదట షోకేస్ వస్తువు కాదు, డౌట్ తీర్చుకునే పరికరం. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

కానీ మెస్సీనాలో సముద్రం గుమ్మం ముందే ఉంది. నీళ్లు పాడైతే మార్చుకోవచ్చు. సముద్రం లేని ఊళ్లో ఉంటే? హైదరాబాద్ వాళ్లకి ఉన్న ప్రాబ్లమే 1846లో లండన్‌లో ఆనా థిన్‌కి వచ్చింది.

ఆవిడ భర్త వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో పెద్ద హోదాలో ఉండేవారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో టోర్కీ అనే ఊరికి వెళ్లినప్పుడు ఆవిడకి రాళ్ల మీద ఒక్కొక్కటిగా పెరిగే చిన్న కప్పు ఆకారపు పగడాలు కనిపించాయి. ఇవి చల్లటి నీళ్ల పగడాలు, మన రీల్స్‌లో కనిపించే ఉష్ణమండల రీఫ్ రకం కాదు. వాటిని రాతి జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చారు. కదిలిపోకుండా ఒకదాన్ని సూదీదారంతో స్పాంజికి కుట్టేశారు కూడా!

తెచ్చారు సరే, నీళ్లు? రోజూ తీరం నుంచి కొత్త నీళ్లు తెప్పించడం అయ్యే పని కాదు. ఉన్న నీళ్లనే బతికించాలి. నిలవ నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకని టీ కొట్టులో టీ తిరగబోసినట్టు, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పైనుంచి పోయించేవారు. రోజూ అరగంట నుంచి ముప్పావుగంట. ఆ పని చేసింది ఇంట్లో పనమ్మాయి. అంటే ఇవాళ మనం కొనే ఎయిర్ పంపు స్థానంలో అప్పుడు ఉన్నవి ఆ పిల్ల చేతులు. మరుసటి ఏడాది ఆనా నీళ్లలో సముద్రపు నాచు కూడా వేశారు. వెలుతురులో నాచు ఆక్సిజన్ వదులుతుంది, కాబట్టి పని తేలికైంది. ఆ పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి, పిల్లలు పెట్టాయి. ఆవిడ ఆ వివరాలన్నీ 1859లో ఒక సైన్స్ పత్రికలో ప్రచురించారు.

ఒక విషయం గమనించండి. ఆ జాడీలో చేప లేదు. దీని గురించి చివర్లో మాట్లాడదాం.

1850 ప్రాంతంలో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ ఇదే లెక్కని మంచినీళ్లలో చేసి చూపించాడు. రెండు గోల్డ్‌ఫిష్‌లు, కొంచెం నీటి మొక్క, కుళ్లిన ఆకు తినడానికి నత్తలు. మొక్క, జంతువు, చెత్త తినేది, ఈ మూడూ సరిగ్గా తూగితే నీళ్లు మార్చకుండానే నడుస్తుందని చెప్పాడు. తర్వాత ఉప్పునీళ్లలోనూ ప్రయత్నించాడు.

ఇంక జనం ఆగలేదు. అంతకుముందే 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది, గాజు చవకైంది. రైళ్లు వచ్చాయి, ఉదయం లండన్‌లో ఎక్కితే తీరానికి చేరిపోవచ్చు. 1853లో లండన్ జూలో పబ్లిక్ అక్వేరియం తెరిచారు. దాని వెనక ముఖ్యమైన మనిషి ఫిలిప్ హెన్రీ గాస్. 1854లో ఆయన రాసిన పుస్తకం పేరే "ది అక్వేరియం". ఇవాళ మనం వాడే ఆ మాటని జనం నోట్లో పెట్టింది ఆయనే.

మనకి పనికొచ్చే ఇంకో పని కూడా గాస్ చేశాడు. సముద్రపు నీళ్లని ఇంట్లో తయారు చేసుకునే రెసిపీ ఇచ్చాడు. మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్. నాలుగే నాలుగు సరుకులు. ఇప్పటికీ "వంటింట్లో ఉప్పు కలిపితే సరిపోదా బ్రో" అని అడిగేవాళ్లకి జవాబు ఇక్కడుంది. సముద్రంలో కరిగి ఉన్న ఉప్పుల బరువులో సోడియం, క్లోరైడ్ రెండే సుమారు 85 శాతం, నిజమే. అసలు కథంతా మిగతా 15లో ఉంది. లీటరు సముద్రపు నీళ్లలో 400 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. పగడం తన అస్థిపంజరం కట్టేది దాంతోనే. గాస్ రెసిపీలో కాల్షియం లేదు! కొన్ని జీవులు ఆ నీళ్లలో బతికేవి, కానీ రీఫ్ కట్టే పగడానికి అది ఇటుకలు లేకుండా ఇల్లు కట్టమన్నట్టే. ఇవాళ దొరికే రీఫ్ సాల్ట్ ప్యాకెట్ ధర చూసి కళ్లు తిరిగినా, డబ్బులు మిగుల్చుకోకూడని చోటు అదే.

ఆ బుక్కులు చదివి జనం సుత్తులు, బకెట్లు పట్టుకుని తీరానికి పరిగెత్తారు. రాళ్ల గుంటల్లో ఉన్న ప్రతి సీ ఎనిమోనీని పీక్కెళ్లారు. ఇంటికి తీసుకెళ్లినవి చాలా వరకు చచ్చిపోయేవి, మళ్లీ వచ్చేవారు. గాస్ కొడుకు ఎడ్మండ్ చిన్నప్పుడు తండ్రి వెంట అవే గుంటల్లో తిరిగినవాడు. 1907లో "ఫాదర్ అండ్ సన్" అనే పుస్తకంలో ఆయన చాలా బాధగా రాశాడు: ఆ తీరం మళ్లీ ఎప్పటికీ అలా లేదు, దాన్ని ఖాళీ చేసింది తన తండ్రి పుస్తకాలు చదివి వచ్చిన జనమే. సముద్రాన్ని ప్రేమించమని పుస్తకం రాస్తే జరిగింది ఇది. ఇప్పుడు రీల్స్ చేసే మా లాంటివాళ్లకి ఈ పేరా కొంచెం గట్టిగానే తగలాలి.

తర్వాత దాదాపు వందేళ్లు ఉప్పునీళ్ల అక్వేరియం అంటే చేపలే. పగడాలు తెచ్చినా కొన్ని వారాల్లో పోయేవి. కారణం కంటికి కనపడదు. జీవులు వదిలే వ్యర్థం అమోనియాగా మారుతుంది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి కొత్త తొట్టిలో సరిపడా ఉండవు. అమ్మ పాలలో తోడు వేసినట్టు, నీళ్లలో ఈ బ్యాక్టీరియాకి తోడు వేయాలి. వారాల తరబడి ఆగాలి.

ఆ తోడు ఎక్కడ దొరుకుతుందో చూపించినాయన ఇండోనేషియాలోని జకార్తాలో ఉండేవాడు. పేరు లీ చిన్ ఎంగ్. 1961లో ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో తన పద్ధతి రాశాడు. ఖరీదైన ఫిల్టర్ లేదు, కెమికల్స్ లేవు. సముద్రపు నీళ్లు, కిటికీలోంచి ఎండ, మెల్లగా వచ్చే గాలి బుడగలు, సముద్రంలోంచి తెచ్చిన రాళ్లు. అంతే. పగడాలు, ఎనిమోనీలు నెలల తరబడి బతికాయి. రహస్యం రాయిలో ఉంది. ఆ రాయి చిన్న చిన్న రంధ్రాలతో నిండి ఉంటుంది, పైన, లోపల బ్యాక్టీరియా, పురుగులు, నాచు కాపురం ఉంటాయి. అంటే రాయే ఫిల్టర్. దీన్ని తర్వాత లైవ్ రాక్ అన్నారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న ఏ నానో రీఫ్‌కైనా ముత్తాత ఆ జకార్తా తొట్టే.

అమెరికా, యూరప్ వాళ్లు వెంటనే కాపీ కొట్టలేకపోయారు. ఆయనకి సముద్రం, ఎండ ఫ్రీ. వాళ్లకి రెండూ లేవు. 1970లు, 80ల్లో పీటర్ విల్కెన్స్, డీట్రిష్ స్ట్యూబర్ లాంటివాళ్లు అదే ఐడియాకి బలమైన లైట్లు, ప్రోటీన్ స్కిమ్మర్, కాల్షియం జోడించారు. దాన్ని బెర్లిన్ పద్ధతి అంటారు. స్ట్యూబర్ దగ్గర ఒక అక్రోపోరా పగడం బాగా పెరిగింది. దాని కొమ్మ విరిచి స్నేహితులకిచ్చాడు, వాళ్లు పెంచి ఇంకొకరికిచ్చారు. మన ఇళ్లలో మల్లె అంటు పక్కింటికి ఇచ్చినట్టే! ఆ ఒక్క పగడం ముక్కలు యూరప్ అంతా తిరిగాయి. సముద్రం మీద కొత్తగా చెయ్యి వేయకుండా హాబీ నడవొచ్చని చూపించిన పని అది. ఈ చరిత్రలో నిజంగా చౌకైన ఐడియా ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఎల్ఈడీ లైట్లు వచ్చాక తొట్టెలు చిన్నవయ్యాయి. చిన్నది చవక అనుకుంటాం, కానీ లెక్క చూడండి. 20 లీటర్లలో లీటరుకి 35 గ్రాముల చొప్పున 700 గ్రాముల ఉప్పు. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే ఉప్పు ఎక్కడికీ పోదు, అదే 700 గ్రాములు ఇప్పుడు 19 లీటర్లలో. అంటే 35 కాస్తా దాదాపు 37. అదే వెయ్యి లీటర్ల తొట్టిలో లీటరు పోతే తేడా కూడా తెలీదు. విక్టోరియన్లకే ఇది అర్థమైంది. 1871లో తెరిచిన క్రిస్టల్ పాలెస్ అక్వేరియంలో జనం చూసే తొట్టెల కింద అంతకంటే చాలా ఎక్కువ నీళ్లు పట్టే చీకటి రిజర్వాయర్ పెట్టారు. పైన ఏదైనా తేడా వస్తే కింద నీళ్లు సర్దుకుంటాయి. మన బుల్లి తొట్టికి ఆ రిజర్వాయర్ లేదు. దాని బదులు మనం ఉండాలి, రోజూ. మే నెలలో ఫ్యాన్ పెట్టి చల్లబరిస్తే ఆవిరి ఇంకా పెరుగుతుంది. పోసేది మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు. అది కూడా ఆర్వో నీళ్లు. ఇంట్లో ప్యూరిఫైయర్‌కి టీడీఎస్ కంట్రోలర్ ఉంటే అది మామూలు నీళ్లు కొంచెం కలిపేస్తుంది, కాబట్టి మీటర్‌తో చూసుకోండి.

ఇప్పుడు మన దేశం. మన గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీళ్ల వల్ల ఆంధ్రా తీరంలో పెద్ద రీఫ్‌లు లేవు. ఉన్నవి అండమాన్, లక్షద్వీప్, కచ్, తమిళనాడు వైపు. తమిళనాడులో మన్నార్ సింధుశాఖలో దశాబ్దాల పాటు పగడాన్ని సున్నం కోసం, ఫ్యాక్టరీల కోసం తవ్వేశారు. 1986లో 21 దీవులతో మెరైన్ నేషనల్ పార్క్ ప్రకటించారు. వాటిలో రెండు దీవులు ఇప్పుడు నీళ్లపైన లేవు. అలల్ని ఆపే గోడ తీసేస్తే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

2001లో కేంద్రం రీఫ్ కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలని, సీ ఫ్యాన్‌లని, సముద్రపు గుర్రాలని వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో పెట్టింది. పులి ఉన్న లిస్టులో అన్నమాట. దొరికితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. చచ్చిన పగడం ముక్కకి కూడా ఇదే. లైవ్ రాక్ అంటే చాలా వరకు పాత పగడం అస్థిపంజరమే కదా! "ఇంపోర్టెడ్ సర్" అని అమ్మేవాడు అంటాడు. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ ఒప్పందం కింద పర్మిట్లతోనే జరగాలి. కాగితం అడగండి. లేదంటే షాపులోంచి బయటికి వచ్చేయండి. ధర ఎంత తక్కువ చెప్తే అంత అనుమానించండి.

అయితే అసలు పెట్టొద్దా? పెట్టొచ్చు. ఆనా థిన్ జాడీని గుర్తు చేసుకోండి. ముందు చేప వద్దు. 20 లీటర్లలో క్లౌన్‌ఫిష్ పెట్టడం దానికి శిక్ష. తర్వాత పెద్ద తొట్టి కొంటే సముద్రంలో పట్టినది కాకుండా హ్యాచరీలో పుట్టినది అడగండి, వీటిని పుట్టించే పద్ధతులు మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలే తయారు చేశారు. రాయి బదులు మనుషులు చేసిన సిరామిక్ రాయి, సీసాలో దొరికే బ్యాక్టీరియా, నాలుగు నుంచి ఆరు వారాల ఓపిక. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాక సముద్రపు నాచు రకాలు, నత్తలు. అంతవరకే ఒక ఏడాది నడిపి చూడండి. రాత్రి టార్చ్ వేసి చూస్తే గాజు మీద పాకే సూది మొనంత పురుగులు కనిపిస్తాయి. రీల్‌కి వ్యూస్ రావు గానీ, ఝాన్ విల్‌ప్రో పవర్ తొట్టి ముందు కూర్చుని చూసింది ఇలాంటివే.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఆర్గోనాట్ గురించే పూర్తిగా మాట్లాడదాం, అందులో మగ జీవి కథ ఇంకా విచిత్రం.